రెండు గొట్టాల వేడి

సుంకి ఘాటీ పదకొండో మలుపులో దీపం వెలిగింది.
దేవుడి ముందు పెట్టేది కాదు,
మీటర్ల పక్కన నూనె చుక్క గుర్తుతో ఎర్రగా.
వెనక అల్లం మూటలు,
వాటి మీద ముగ్గురు సవకార్లు:
"ఏటి బావూ, ఆపీసినావు?"

పుల్ల తీసి చూశాను.
లెవెలు సరిగ్గా ఉంది,
ఆయిలే లేదు అందులో.
టీనీళ్లలా జారిపోయింది వేలి మీంచి.

రామభద్రపురం కూరగాయల మార్కెట్ వెనక
మరడ తవిటయ్య షెడ్డు.
పేరు రాయించలేదు రేకు మీద.
విశాఖ పాతసామాన్ల సందులో
పన్నెండొందలకి బేరమాడిన కూలరు
వరుడి బాజాలా ఎత్తి చూపించాను:
ఇరవై అయిదు వరసలు!

ఆయన చూడలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.
లోపల ఇసకలాంటి చప్పుడు.
"దీని ఇంజినెక్కడో సచ్చిపోనాది.
ఆ సావు ఇంకా దీని కడుపులోనే ఉన్నాది.
నీ బండికి తగిలిత్తావా?"

మరి కొత్తదే కొందాం, పెద్దదే కొందాం అన్నాను.
"సోడంబలి సెంబులో ఉంటే సల్లారతాదా?
పళ్లెంలో పోత్తే సల్లారతాది. ఈ వరసలన్నీ పళ్లేలే.
అలాగని గుమ్మమంత పళ్లెం తెచ్చి
రేడియేటరు మూతికి అడ్డం పెడితే,
అదెక్కడ ఊపిరి తీత్తాది?
పదమూడు సాలు."

పదమూడు వరసలది పార్సిల్లో రావడానికి తొమ్మిది రోజులు.
తొమ్మిది రోజులూ నేను
ఎండలో మడత మంచం మీద కూర్చుని
బొప్పాయి లారీలు లెక్కపెట్టాను.

ఫిల్టరు విప్పింది ఆయన కోడలు గున్నమ్మ.
నా చెయ్యి పట్టని సందులో ఆమె చెయ్యి మణికట్టు దాకా వెళ్లింది.
గాజులు తీసి ముందే నట్ల డబ్బాలో వేసింది.
బ్లాకుకీ ఫిల్టరుకీ నడుమ కూర్చునే బిళ్ల,
దాని రబ్బరు చుట్టుకి కొత్త ఆయిలు రాసి
పసిదానికి కాటుక పెట్టినట్టు తిప్పి తిప్పి చూసింది.

బిళ్లలో ఒక చిన్న తలుపు ఉందట.
ఎనభై డిగ్రీలు దాటితేగానీ తెరుచుకోదు.
"పుష్యమాసం తెల్లారగట్ల
కొరాపుట్టు మంచులో బండి తీత్తావు కదా.
సలవ ఎక్కువైనా రోగవే" అంది, నట్టుతోనే మాట్లాడుతూ.

గొట్టాలు బిగించేటప్పుడు మాటలు లేవు.
ఒక పానా తిప్పుతుంది, ఇంకొకటి కదలకుండా పట్టుకుంటుంది.
పట్టుకున్నది మామ. తిప్పింది కోడలు.
చాసిస్ అంచు గొట్టానికి రాసుకునే చోట
పాత సైకిలు ట్యూబు చీల్చి చుట్టారు.
కూలరుకీ రేడియేటరుకీ మధ్య
రెండు వేళ్ల ఖాళీ,
నా వేళ్లతోనే కొలిపించారు.

తర్వాత ఇంజను అందుకోకుండా స్టార్టరు మాత్రం తిప్పమన్నారు.
మూడుసార్లు. నాలుగోసారికి
ఎర్రదీపం ఆరిపోయింది.
ముప్పావు లీటరు ఎక్కువ తాగింది, కొత్త కడుపు కదా.

రాత్రి బండి కింద బిస్కట్ల అట్ట పరిచాం.
పొద్దున్న దాని మీద ఆవగింజంత మచ్చ.
నా గుండె ఆగింది.
గున్నమ్మ వేలితో రుద్ది
"నిన్న తుడవడం మరిసిపోనాను" అంది.
నమ్మాలో లేదో తెలీలేదు,
అట్ట మడిచి సీటు కింద పెట్టుకున్నాను.

ఇవాళ మళ్లీ పదకొండో మలుపు.
దీపం లేదు. అయినా ఆపాను.
బానెట్ ఎత్తి
గుడ్డ మీంచి రెండు గొట్టాలూ పట్టుకున్నాను:
లోపలికి వెళ్లేది ఎడమ చేత్తో,
తిరిగొచ్చేది కుడి చేత్తో.
ఎడమ చెయ్యి వెంటనే వదిలేసింది.
కుడిది ఇంకాస్త ఉండగలిగింది.
ఆ కాస్తకే
ఆరువేల నాలుగొందలు ఇచ్చాను.

"ఏటయినాది బావూ?"
సవకార్లు మూటల మీంచి తల బయటపెట్టారు.
"ఏటీ అవనేదు" అన్నాను,
ఎర్రబడ్డ అరచెయ్యి లుంగీకి తుడుచుకుంటూ.